కాంట్రాక్టు రేసు ఎగ్గొట్టి గోవా పోవచ్చా?

ప్రశ్న: సార్, నమస్తే. నాకు 25 ఏండ్లు. మాది దేవరకొండ దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడు బాయిల ఈత నేర్చుకున్న. డిగ్రీల పరుగు పందాలకు పోయేటోన్ని. తర్వాత పట్నంల జిమ్ ట్రెయినర్‌గ చేసుకుంట ట్రయాథ్లాన్‌లకు (ఈత, సైకిల్, పరుగు ఒకదాని ఎంబడి ఒకటి చేసే రేసులు) వచ్చిన. ఈ ఏడాది ఒక రేసుల సిరీస్ వాళ్ళతోని కాంట్రాక్టు అయింది. నెలకు 15 వేలు, కార్బన్ చక్రాలు, బూట్లు ఇచ్చిండ్రు. ఐదు రేసులల్ల కనీసం నాలుగు చెయ్యాలె. రెండు చేసిన. మూడోది డెంగీ వచ్చి పోయింది. ఇంక రెండున్నయి, ఆఖరిది డిసెంబర్‌ల. నాలుగోది హైదరాబాద్ పక్కనే, ఒలింపిక్ దూరం. అది అయినంక పదిహేను రోజులకే గోవా 70.3, అంటే 1.9 కిలోమీటర్ల ఈత, 90 సైకిల్, 21 పరుగు ఉండే హాఫ్ ఐరన్‌మ్యాన్ రేసు. ప్రపంచ ఛాంపియన్‌షిప్ స్లాట్ కోసం రెండేండ్ల సంది గోవాకు తయారైతున్న. కోచ్ నాలుగోది వదిలెయ్ అంటుండు. కాంట్రాక్టులేమో ‘సరైన కారణం లేకుండా రేసుకు రాకపోతే తీసుకున్న సొమ్ములో సగం, చక్రాలు వాపసు ఇవ్వాలి’ అని ఉన్నది. ఒంట్లె బాగ లేకుంటే డాక్టర్ సర్టిఫికెట్ ఇస్తే చాలట. మోకాలు నొప్పి అని ఇన్‌స్టాల పెట్టు, సర్టిఫికెట్ మన ఆర్‌ఎంపీ రాసిస్తడు అని దోస్తులు అంటుండ్రు. ఇంకో కష్టమేందంటే ఆ రేసు ఫ్లెక్సీల మీద నా ఫొటో వేసిండ్రు. మా ఊరి యువజన సంఘమోళ్ళు పోయినేడు చందాలేసి నా సైకిల్‌కు 60 వేలు ఇచ్చిండ్రు. ఇప్పుడు రేసు చూడనీకె డీసీఎం మాట్లాడుకున్నరు. పోయిన రేసుల ఆరో నంబర్ వస్తేనే ‘గింతేనా’ అన్నరు. ఏం చెయ్యాలె సార్? పేరు వెయ్యకుండ్రి.

జవాబు: తమ్ముడూ, ముందు నా మాట చెప్పేస్తాను, కారణాలు తర్వాత. నాలుగో రేసుకు పో. పోలేనని నీకు గట్టిగా అనిపిస్తే అసలు కారణం ఏమిటో నిర్వాహకులకు చెప్పి, మినహాయింపు రాతపూర్వకంగా అడుగు. వాళ్ళు ఒప్పుకోకపోతే కట్టాల్సింది కట్టి గోవాకు పో. మోకాలి నొప్పి కథ మాత్రం వద్దు. ఆ ఒక్కటీ వదిలేస్తే మిగతా ఏ దారి పట్టినా నీకు పెద్దగా నష్టం లేదు.

ఈ చిక్కు నీ ఒక్కడిదే అనుకోకు. ప్రపంచంలో పేరున్న ట్రయాథ్లెట్లు చాలామంది ఇదే లెక్క వేసుకుంటున్నారు. కొన్నేళ్ళ కిందటి దాకా వాళ్ళది కూలి బతుకే. వెళ్ళిన రేసులో ప్రైజు వస్తే తీసుకోవడం, లేకపోతే స్పాన్సర్ ఇచ్చిన దాంతో నెట్టుకురావడం. ఏ రేసుకు పోవాలో, దేనికి మానాలో వాళ్ళిష్టం. అడిగేవాడు లేడు, ఆదుకునేవాడూ లేడు. ప్రొఫెషనల్ ట్రయాథ్లెట్స్ ఆర్గనైజేషన్ 2024లో టీ100 సిరీస్ మొదలుపెట్టి ఈ పద్ధతి మార్చింది. 2 కిలోమీటర్ల ఈత, 80 కిలోమీటర్ల సైకిల్, 18 కిలోమీటర్ల పరుగు, కలిపితే 100. మయామీలో మొదలై సింగపూర్, శాన్‌ఫ్రాన్సిస్కో, లండన్, ఇబిజా, లాస్‌వెగాస్ మీదుగా దుబాయిలో ముగిసింది. మగవాళ్ళు 20 మంది, ఆడవాళ్ళు 20 మందితో ముందే కాంట్రాక్టు రాసుకున్నారు. రేసు గెలిస్తే 25 వేల డాలర్లు, సిరీస్ మొత్తం గెలిస్తే 2 లక్షల 10 వేల డాలర్లు. ఆ సంస్థలో అథ్లెట్లకే వాటా ఉంది కాబట్టి ఒక రకంగా వాళ్ళు తమతో తామే సంతకం పెట్టుకున్నట్టు.

కాంట్రాక్టు ఎందుకు కావాల్సి వచ్చిందో ఆలోచించు. టీవీ వాళ్ళకు, డబ్బు పెట్టే నగరానికి ‘ఫలానా వాళ్ళు వస్తారు’ అని ముందే చెప్పాలి. పోస్టర్ మీద ఉన్న మనిషి రేసు రోజు స్టార్ట్ లిస్టులో లేకపోతే వచ్చే ఏడాది ఆ నగరం చెక్కు రాయదు. నీ ఫ్లెక్సీ సంగతీ అంతే. నీకొచ్చే 15 వేలు నువ్వు ఎన్నో స్థానంలో వస్తావని ఇచ్చేవి కావు, వస్తావని ఇచ్చేవి. ఈ తేడా బుర్రకెక్కితే సగం చిక్కు విడిపోతుంది. ఆరో నంబర్ వచ్చినందుకు సిరీస్ వాళ్ళు నిన్నేమైనా అన్నారా? అన్నట్టు నీ ఉత్తరంలో లేదు.

ఐరన్‌మ్యాన్ కంపెనీ అదే 2024లో ఇంకో దారి పట్టింది. ప్రో సిరీస్ అని పెట్టి, సంతకాలేమీ లేకుండా పాయింట్ల ఆశ చూపింది. ఫుల్ దూరం రేసు గెలిస్తే 5,000 పాయింట్లు, 70.3 గెలిస్తే 2,500. గెలిచినవాడి కంటే ఎన్ని సెకన్లు వెనకబడితే అన్ని పాయింట్లు కోత. ఏడాది చివర అందరికంటే పైన ఉన్నవాళ్ళకు 2 లక్షల డాలర్లు. అక్కడ రేసుకు రాకపోతే పాయింట్లు పోతాయి, అంతే. మాట తప్పావని ఎవరూ అనరు. నువ్వు అలాంటి దాంట్లో ఉంటే ఈ ఉత్తరం రాసే పనే ఉండేది కాదు, గోవాకు టికెట్ బుక్ చేసుకుని ఉండేవాడివి. కానీ నువ్వు నెలనెలా జీతం వచ్చే పద్ధతి ఎంచుకున్నావు. ఆ జీతంలోనే గదికిరాయి, ప్రొటీన్ డబ్బా వచ్చాయి. నెలనెలా జీతం తీసుకుంటూ, ఇష్టమైతే పోయే స్వేచ్ఛ కూడా కావాలంటే కుదరదు.

మన పాలమూరు వైపు అగ్రిమెంటు అంటేనే పెద్దవాళ్ళకు గుండె దడ. గుంపుమేస్త్రీ ఊరికొచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టేవాడు. ఆ సీజనంతా భార్యాపిల్లలతో ఏ డ్యాము దగ్గరో, ఏ కాలువ గట్టునో పని. తిరిగొచ్చాక మేస్త్రీ పుస్తకంలో ఎంత రాసి ఉంటే అంతే లెక్క. ఒంట్లో బాగాలేదన్నా వినేవాడు కాదు. ఆ భయం నీ రక్తంలోనూ కొంత ఉండొచ్చు, అందుకే ‘వాపసు’ అనే మాట చూడగానే తప్పించుకునే సందు వెతుకుతున్నావు. కానీ నీ కాగితం అలాంటిది కాదు. నువ్వు చదవగలవు, ఫోన్ చేసి అడగగలవు, మానుకుంటే ఏమవుతుందో అందులోనే రాసి ఉంది.

చట్టం సంగతి కూడా కొంచెం తెలుసుకో, అనవసరంగా భయపడకుండా. నీ చేత ఎవరూ బలవంతంగా రేసు చేయించలేరు. మనిషి తన ఒంటితో చేయాల్సిన పనిని కోర్టు చేయించదు, నష్టపరిహారం మాత్రమే ఇప్పిస్తుంది. కాంట్రాక్టులో ‘సగం వాపసు’ అని రాసి ఉన్నా, కోర్టు దాకా పోతే భారత కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం న్యాయంగా తోచినంతే ఇప్పిస్తారు. రాసుకున్న మొత్తం దానికి పైహద్దు. అంత దూరం పోదనుకో.

నాకు ఆ చట్టంలో బాగా నచ్చేవి సెక్షన్ల కింద ఇచ్చిన ఉదాహరణలు. 1872 నాటివి, అయినా నీ కోసమే రాసినట్టున్నాయి. 56వ సెక్షన్ కింద ఒక నటుడున్నాడు. ముందే డబ్బు తీసుకుని ఆరు నెలలు నాటకశాలలో ఆడతానని ఒప్పుకున్నాడు. కొన్ని రోజులు జబ్బుపడి ఆడలేకపోయాడు. ఆ రోజుల మేరకు ఒప్పందం చెల్లదు, అతని తప్పేమీ లేదంటుంది చట్టం. 39వ సెక్షన్ కింద ఒక గాయని ఉంది. రెండు నెలల పాటు వారానికి రెండు రాత్రులు పాడతానని ఒప్పుకుంది, రాత్రికి వంద రూపాయలు. ఆరో రాత్రి కావాలనే రాలేదు. మేనేజరు ఒప్పందం మొత్తాన్ని రద్దు చేసుకోవచ్చంటుంది చట్టం. డెంగీ వచ్చిన మూడో రేసులో నువ్వు ఆ నటుడివి. నాలుగో రేసు మానేస్తే నువ్వు ఆ గాయనివి. నీ దోస్తులు చెప్పే సలహా ఏమిటంటే, గాయనివై ఉండి నటుడి వేషం వేయమని.

ఆ వేషం ఎంతసేపు నిలుస్తుందో చూద్దాం. గోవాకు రెండు వారాల ముందు నీకు ఆఖరి పొడవైన సైకిల్ రైడ్ ఉంటుంది కదా? కొండమల్లేపల్లి నుంచి మాల్ దాకా పోయి వస్తావో, సాగర్ రోడ్డు పడతావో, అదంతా నీ చేతి గడియారం అందరూ చూసే స్ట్రావా యాప్‌లో పెట్టేస్తుంది. మోకాలు నొప్పి ఉన్నవాడు గంటకు 36 కిలోమీటర్ల వేగంతో రెండున్నర గంటలు తొక్కాడని మీ సిరీస్ మేనేజరు ఇంట్లో కూర్చుని చూస్తాడు. స్ట్రావా ఆపేశావనుకో, గోవాలో కాలికి కట్టిన చిప్ ఆపుతుందా? మీరామార్ బీచ్‌లో ఈత నుంచి బయటికి వచ్చిన క్షణం నుంచి నీ టైమింగ్ ఎవరైనా చూడొచ్చు. పదిహేను రోజుల్లో మోకాలు బాగై, 21 కిలోమీటర్లు పరుగెత్తి, ప్రపంచ ఛాంపియన్‌షిప్ స్లాట్ తెచ్చుకున్నావంటే ఆ ఆర్‌ఎంపీకి పద్మశ్రీ ఇవ్వాలి. ఆయన సర్టిఫికెట్ ఎక్కడా చెల్లదన్నది ఇంకో సంగతి. పాపం, ఇందులోకి ఆయన్ని లాగకు.

ఇదంతా దొరికిపోతావని భయపెట్టడానికి చెప్పడం లేదు. దొంగ గాయం వల్ల నష్టపోయేది నిజంగా గాయపడ్డవాళ్ళు. 2025 మేలో న్యూజిలాండ్ ట్రయాథ్లెట్ హేడెన్ వైల్డ్‌ను జపాన్‌లో సైకిల్ మీద ప్రాక్టీసు చేస్తుండగా ట్రక్కు గుద్దింది. పక్కటెముకలు విరిగాయి, ఊపిరితిత్తి కుంగింది, భుజం ఎముక విరిగింది. టీ100 సిరీస్ రేసులు తప్పిపోయాయి. ఎందుకు రాలేదని అతన్ని ఎవరైనా నిలదీశారా? ఆగస్టులో లండన్ టీ100కి వచ్చి గెలిచాడు కూడా. గాయమంటే మినహాయింపు ఇచ్చే పద్ధతి అలాంటివాళ్ళ కోసం ఉంది. దాన్ని నీలాంటి వాళ్ళు నలుగురు వాడుకుంటే మరుసటి ఏడు నిర్వాహకులు ‘మేము చెప్పిన ఆస్పత్రిలో ఎమ్మారై తీయించుకుని రా’ అంటారు. అప్పుడు డెంగీ వచ్చిన పిల్లాడు కూడా మంచం మీద నుంచి లేచి రుజువులు చూపించుకోవాలి. ఐపీఎల్‌లో ఇప్పటికే అలాంటి నియమం వచ్చింది. వేలంలో అమ్ముడై తర్వాత రానన్న విదేశీ ఆటగాడికి రెండు సీజన్ల నిషేధం. గాయమైతే మినహాయింపు ఉంది కానీ వాళ్ళ దేశ బోర్డు ధ్రువీకరించాలి. వరుసగా చాలామంది ఆఖరి నిమిషంలో తప్పుకుంటే విసిగిపోయిన జట్లే ఆ నియమం అడిగి తెచ్చుకున్నాయి.

ఆ నియమం కింద దొరికినవాడు హ్యారీ బ్రూక్. ఢిల్లీ వాళ్ళు 6 కోట్ల 25 లక్షలకు కొనుక్కున్నారు. 2025 మార్చిలో సీజన్ మొదలయ్యే ముందు రానన్నాడు. ఏమని? గాయమని కాదు. ఇంగ్లండ్ జట్టుకు ఆడటమే ముఖ్యం, దానికి సిద్ధం కావాలి అన్నాడు. ఢిల్లీ జట్టుకూ అభిమానులకూ క్షమాపణ చెప్పాడు. రెండేళ్ళ నిషేధం పడింది. అతను చేసింది నాకు నచ్చలేదు. వేలంలో పేరు ఇచ్చేటప్పుడే ఆలోచించుకోవాల్సింది. కానీ అతను అబద్ధం ఆడలేదు, ధర ఎంతో తెలిసి చెల్లించాడు. నువ్వు రేసు మానాలనే అనుకుంటే నీకున్న మర్యాదైన దారి అదొక్కటే.

నీకు ఇంకా దగ్గరి ఉదాహరణ నీరజ్ చోప్రా. 2024 మేలో చెక్ దేశంలోని ఆస్ట్రావాలో విసరాల్సి ఉంది. తొడ లోపలి కండరం దగ్గర ఏదో తేడాగా అనిపించింది. ప్యారిస్ ఒలింపిక్స్ ముందున్నాయి. గాయమైందని వార్తలు వస్తే అతనే సర్దిచెప్పాడు. గాయం కాలేదు, ఒలింపిక్ ఏడాదిలో ప్రమాదం కొనితెచ్చుకోవడం ఇష్టం లేక ఆగాను అని. గాయమని ఊరుకుంటే అతనికి ఎంత సులువు! పైగా విసరకపోయినా అతిథిగా ఆ మీట్‌కు వస్తానన్నాడు. తర్వాత ప్యారిస్‌లో 89.45 మీటర్లతో వెండి తెచ్చాడు. నీకు మినహాయింపు దొరికి రేసు చేయకపోయినా, ఆ పొద్దున ఐదింటికి అక్కడ ఉండు. మైకు పట్టుకో, పిల్లల రేసుకు జెండా ఊపు, నీ ఫొటో చూసి వచ్చినవాళ్ళతో సెల్ఫీ దిగు. మినహాయింపు అడిగేటప్పుడే ‘ఇవన్నీ చేస్తాను’ అని మెయిల్‌లో రాస్తే వాళ్ళు ఒప్పుకునే అవకాశం చాలా పెరుగుతుంది. ఇంకో మాట కూడా అడిగి చూడు. ఈత, సైకిల్, పరుగు తలా ఒకరు పంచుకునే రిలే టీము ఉంటే ఈత ఒక్కటీ నువ్వు చేస్తానను. 1.5 కిలోమీటర్ల ఈత నీ గోవాను చెడగొట్టదు, ఫ్లెక్సీ మీది బొమ్మ అబద్ధమూ కాదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఒలింపిక్ దూరం రేసు చేసి పదిహేను రోజులకు 70.3 చేయగలవా? మీ కోచ్‌ను నేను తక్కువ చేయను. నీ ఒళ్ళు ఆయనకు తెలిసినంత నాకు తెలియదు. కానీ 1.5 కిలోమీటర్ల ఈత, 40 సైకిల్, 10 పరుగు రెండు వారాల ముందు చేసుకోవడం చాలామంది కావాలని పెట్టుకునే పనే. రేసు వేగం ఒంటికి గుర్తుంటుంది, ఈత నుంచి సైకిల్‌కు, సైకిల్ నుంచి పరుగుకు మారేటప్పుడు చేతులు తడబడవు, రేసు మధ్యలో శక్తి కోసం మింగే జెల్లు కడుపులో నిలుస్తుందో లేదో ముందే తెలుస్తుంది. 25 ఏళ్ళ ఆరోగ్యవంతుడు వారంలో తేరుకుంటాడు. ఆ తర్వాతి వారం ఎలాగూ గోవా కోసం తగ్గించుకునే వారమే. ప్రమాదం లేదని కాదు. సైకిల్ మీద పడొచ్చు, నీళ్ళు బాగాలేక కడుపు చెడొచ్చు. ఆ ప్రమాదాలు సాగర్ రోడ్డు మీద ఇసుక లారీల మధ్య ప్రాక్టీసులోనూ ఉన్నాయి. ఒకటి మాత్రం మీ కోచ్‌ను అడుగు: కాంట్రాక్టు సంతకం పెట్టిన రోజు గోవా తేదీ ఆయనకు తెలియదా? తెలిస్తే అప్పుడేమన్నాడు?

నన్ను నిజంగా కలవరపెట్టింది నీ ఉత్తరంలో సగం వాక్యంలో దాటేసిన డెంగీ. ఎప్పుడొచ్చింది, ప్లేట్‌లెట్లు ఎంత దాకా పడ్డాయి, తర్వాత ఎన్నాళ్ళకు శిక్షణ మొదలుపెట్టావు – ఇవేవీ రాయలేదు. డెంగీ తగ్గినా నీరసం వారాల తరబడి ఉండేవాళ్ళు ఉంటారు. మోకాలి గురించి దొంగ కాగితం వెతికే బదులు, నల్లగొండలోనో హైదరాబాద్‌లోనో ఎంబీబీఎస్ ఆపైన చదివిన డాక్టర్ దగ్గర రక్తపరీక్ష, గుండె పరీక్ష చేయించుకో. పొద్దున లేవగానే నాడి మామూలు కంటే ఎక్కువ కొట్టుకుంటోందా చూసుకో. డాక్టర్ విశ్రాంతి కావాలంటే ఆ సర్టిఫికెట్ నిజమైనదే, పంపించు, నీకు రూపాయి నష్టం లేదు. కానీ అప్పుడు ఇంకో ప్రశ్నకు జవాబు చెప్పాలి. రెండున్నర గంటల రేసుకు పనికిరాని ఒళ్ళు పదిహేను రోజుల్లో ఐదు గంటల రేసుకు ఎలా పనికొస్తుంది? 2025 అక్టోబర్‌లో హవాయిలోని కోనాలో అమెరికా ట్రయాథ్లెట్ టేలర్ నిబ్ ఐరన్‌మ్యాన్ ప్రపంచ టైటిల్ రేసులో ముందుండి, ముగింపు ఇంకో మూడు కిలోమీటర్లు అటూఇటుగా ఉందనగా రోడ్డు పక్కన కూలబడిపోయింది. 2024లో ఒలింపిక్స్ ఆడి, టీ100 సిరీస్ గెలిచి, 70.3 ప్రపంచ టైటిల్ వరుసగా మూడోసారి తెచ్చుకున్న మనిషి. ఒంట్లో సత్తువ అయిపోయాక టైటిళ్ళు గుర్తుకు రావు.

రేసుకు పోతే ఎలా చేయాలి? ‘మొహం చూపించి, మెల్లగా తొక్కి, పరుగులో రిటైర్ అవుతా’ అని ఎవడో ఒక దోస్తు ఈపాటికి చెప్పే ఉంటాడు. అది మోకాలి కథకు తమ్ముడు. ఈత, సైకిల్ గట్టిగా చెయ్. పరుగు నీ గోవా వేగంలో చెయ్. నీ గోవా పరుగు వేగం అంటే చూసేవాళ్ళకు అది వేగమే. ఈ సంగతి ముందే సిరీస్ వాళ్ళకు చెప్పు. పోడియం గురించి ఎవరికీ హామీ ఇవ్వకు.

ఊరి సంగతి. సిరీస్ వాళ్ళతో నీకు కాగితం ఉంది, ఊరితో లేదు. కాగితం లేనిది కాబట్టే అది ఎక్కువ సతాయిస్తుంది. 60 వేలు చందాలు వేసినవాళ్ళు నీకు జీతం ఇవ్వలేదు, నీ మీద ఇష్టంతో ఇచ్చారు. వాళ్ళకు నువ్వు మెడల్ బాకీ లేవు. లెక్క బాకీ ఉన్నావు. ఆ డబ్బుతో ఏ సైకిల్ కొన్నావు, దానితో ఎక్కడెక్కడ రేసులు చేశావు, ఎన్నో స్థానం వచ్చింది, డెంగీ వల్ల ఏది పోయింది – ఇది ఎప్పుడైనా కూర్చుని చెప్పావా? చెప్పి ఉండవు. అందుకే వాళ్ళకు తెలిసిందల్లా ‘మనోడు ఆరో నంబర్’. ట్రయాథ్లాన్‌లో ఆరో నంబర్ అంటే ఏమిటో తెలియనివాళ్ళు కబడ్డీ లెక్కన చూస్తారు. కబడ్డీలో ఆరో జట్టంటే మరి గింతేనా అంటారు. వాళ్ళ తప్పు కాదు.

ఈ ఆదివారం ఊరికి పో. గ్రామపంచాయతీ దగ్గరో, సంఘం రూములోనో పది నిమిషాలు చాలు. రేసులో ఎందరు దిగారు, ఈతలో ఎన్నోవాడిగా బయటికి వచ్చావు, సైకిల్ మీద ఎందరిని దాటావు, పరుగులో ఎందరు నిన్ను దాటారు. పోయిన రేసు వీడియో ఉంటే చూపించు. గోవా గురించి కూడా అక్కడే చెప్పెయ్, తర్వాత ఇంకెవరి నోటి నుంచో వినకుండా. మనం చెప్పకపోతే జనం ఖాళీని వాళ్ళే నింపుకుంటారు. ప్యారిస్ ఒలింపిక్స్‌లో బెల్జియం వాళ్ళు ట్రయాథ్లాన్ మిక్స్‌డ్ రిలే నుంచి తప్పుకున్నారు. తమ జట్టులోని క్లెయిర్ మిషెల్‌కు ఒంట్లో బాగాలేదని మాత్రమే చెప్పారు. ఇంకేముంది, ఈత పెట్టిన సీన్ నది మురికి నీళ్ళు తాగి ఈకోలై బ్యాక్టీరియా పట్టుకుందని ప్రపంచమంతా రాసేసింది. చివరికి ఆమే ఇన్‌స్టాలో చెప్పుకోవాల్సి వచ్చింది, పరీక్షల్లో తేలింది వైరస్ అని, ఈకోలై కాదని. ఒక వాక్యం ముందే స్పష్టంగా చెప్పి ఉంటే జబ్బుతో ఉన్న మనిషికి ఆ గోల తప్పేది.

డీసీఎం రానీ. ఆపకు. కానీ తెల్లారకముందే బయలుదేరాలని, ఈత ఆరింటికే మొదలవుతుందని, తొమ్మిది దాటితే చూసేదేమీ ఉండదని చెప్పు. మన వాళ్ళు టిఫిన్ చేసి పదింటికి వచ్చి ‘ఏడి మావోడు’ అనే రకం. ఈత దగ్గర నిలబడితే టోపీలు తప్ప ఏమీ కనపడవు కాబట్టి సైకిల్ నుంచి పరుగుకు మారే చోట నిలబెట్టు. బూట్లు మార్చుకుని నువ్వు వాళ్ళ ముందు నుంచే పరుగెత్తుతావు. టీ100 వాళ్ళు ఊరి మధ్యలో చిన్న చుట్లు పెట్టి అవే తిప్పుతారు, నిలబడ్డ చోటనే మనిషి మళ్ళీమళ్ళీ కనపడాలని. మీ రేసులో పరుగు చుట్లుగా ఉంటే వాళ్ళకు ఆ మలుపు చూపించు. పెద్దవాళ్ళకు నీడ, మంచినీళ్ళు ఉండేలా సంఘం పిల్లలకు అప్పజెప్పు, నువ్వు నెత్తిన వేసుకోకు. రేసు ముందు రోజు ఫోన్ మీ అన్నకో, దోస్తుకో ఇచ్చెయ్. ‘ఎక్కడ దిగాలె’ అని ముప్పై మంది అడిగితే నీ నిద్ర పోతుంది.

మినహాయింపు అడగాలనే నిర్ణయించుకుంటే మాత్రం ఇవాళే రాయి. రేసుకు నెల ముందు అడిగినవాడికి, వారం ముందు అడిగినవాడికి తేడా ఉంటుంది. వాళ్ళు ఫ్లెక్సీ మార్చుకోవాలి, ఇంకొకరిని పిలవాలి. ఫోన్‌లో మాట్లాడు, తర్వాత అదే మాట మెయిల్ పెట్టు. పొగడ్తలు, కథలు అక్కర్లేదు: గోవా తేదీ, నీ లక్ష్యం, ఏమి అడుగుతున్నావు, బదులుగా ఏమి చేస్తావు, డిసెంబర్ రేసుకు తప్పకుండా వస్తావు. వాళ్ళు కాదంటే రేసు చెయ్, లేదా చక్రాలు తుడిచి పంపించు, సొమ్ము వాయిదాల్లో కట్టడానికి అడుగు. వాయిదాలంటే చాలామంది ఒప్పుకుంటారు.

వచ్చే ఏడాది కాంట్రాక్టు ఇస్తే సంతకానికి ముందు రెండు మాటలు రాయించుకో. ఏడాదిలో ఒక రేసు నీ సొంతం, దానికి ముందు మూడు వారాలు, తర్వాత వారం నిన్ను పిలవకూడదు, తేదీతో సహా. డాక్టర్ ధ్రువీకరించిన జబ్బు వల్ల తప్పిన రేసు కనీస లెక్కలోంచి తీసేయాలి. ఈ ఏడాది అది రాసి ఉంటే నీ డెంగీ రేసు పోను కనీసం మూడే అయ్యేవి. రెండు చేశావు, డిసెంబర్‌ది మూడోది, నాలుగో రేసు నీ ఇష్టంగా మిగిలేది. నిజానికి ఇప్పుడున్న కాగితంలో ఆ సంగతి ఏమని ఉందో మళ్ళీ చదువు. సర్టిఫికెట్ ఇస్తే మినహాయింపు అన్నారు కానీ, ఆ మినహాయింపు జరిమానాకా, నాలుగు రేసుల లెక్కకు కూడానా అన్నది నీ ఉత్తరంలో లేదు. లెక్కకు కూడా అయితే నువ్వు ఎవరికీ ఏమీ బాకీ లేకుండానే గోవాకు పోవచ్చు. సిరీస్ వాళ్ళకు ఫోన్ చేసి మొట్టమొదట అడగాల్సింది అదే.